దర్జీ కొట్టు ముందు ప్రసంగం

గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేయాలా వద్దా అని విచారిస్తున్న సంఘం అధ్యక్షులవారికి, బడి ముఖం చూడకుండా దేవుడి గ్రంథం ఒక్కటే చదువుకుని వీధుల్లో బోధించేవాడు రాసేది.

వద్దంటూ నేను పంపిన అర్జీలో "గంజాయి మనిషిని మృగం చేస్తుంది, కళ్ళారా చూశాను" అని ఉంది. ఆ మాట తీసేయండి.

మొన్న ఆదివారం ఆ అర్జీకి మద్దతుగా సంతకాల కోసం, నా బోధ వినే భక్తులూ నేనూ ఊరేగింపుగా వెళ్ళాం. మా అక్క మొగుడు దర్జీ. కొట్టు మెట్ల మీద కూర్చుని గంజాయి పీలుస్తున్నాడు.

"ఏం బామ్మర్దీ, నా పొగ మీ దేవుడికి ఘాటెక్కిందా?" అన్నాడు. దారినపోయేవాళ్ళు నవ్వారు. నా ఒళ్ళు మండింది. కాయని చెట్టుకు గొడ్డలే మందని గర్జించి, గ్రంథం ఠపీమని మూశాను. నేనలా మూస్తే పాట అందుకోవడం మావాళ్ళకు అలవాటు. ఆ రోజు ఎవరూ పాడలేదు. అతని మీద పడ్డారు. కుట్టుమిషన్ ఎత్తి కుడిచేతి మీద వేశారు. వీధి చివరిదాకా వినిపించే గొంతు నాది. ఆపమనలేదు. పైగా గ్రంథంతో నోటి మీద నేనూ కొట్టాను.

"చాల్లేరా బామ్మర్దీ" అన్నాడు, రక్తం ఉమ్ముతూ.

ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. ఇదంతా పోలీసులకూ రాసిచ్చాను.

దుకాణాలు తెరవొద్దనే ఇప్పటికీ నా మనవి. కానీ అక్క అడిగిన మాట కూడా మీ రికార్డులో ఎక్కించండి.

"ఆయన అది తాగి ఇరవై ఏళ్ళు బట్టలే కుట్టాడురా. మీరేం తాగొచ్చారు?"

ఆ రోజు మాకు ఉపవాసం. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.