తిప్పి పంపిన కోలా కాయలు

గ్రామపెద్ద లాతిర్ గారికి,

బడిపిల్లల కోసం నేను రాస్తున్న సెనెగల్ చరిత్రలో మీ తాతగారి యుద్ధాలు చేర్చమంటూ మీరు మర్యాద కానుకగా పంపిన కోలా కాయలు అందాయి. తిప్పి పంపుతున్నాను.

పాత రాజ్యాలు, మనుషుల్ని ఎత్తుకుపోయిన ఓడలు, ఫ్రెంచివాళ్లు రావడం, పోవడం అన్నీ రాశాను. మీ తాత మాత్రం లేడు.

మా నాన్న ఊరి పాటగాడు. ఆయన పోయిన రోజు మీరేమన్నారు? "చదువుకున్నదానివి, తెలీదుటమ్మా? పాటగాణ్ణి మట్టిలో పెడితే వానలు పడవు. తీసుకుపో!" అన్నారు. శవాన్ని బావోబాబ్ చెట్టు తొర్రలో కూర్చోబెట్టించారు. అయినా ఆ ఏడు వాన పడలేదు.

మీ తాత యుద్ధాలు ఏ కాగితం మీదా లేవు, మా నాన్న నోట్లోనే ఉండేవి. నాకూ నేర్పాడు. అన్నీ గుర్తున్నాయి, రాయను. కావాలంటే వెళ్లి ఆ తొర్రనడగండి.

పాటగాడి కూతురు