పొగగది నచ్చిన మిలాన్ వాళ్ళు

తమ్ముడూ డీనో, ఇక్కడ అందరం కులాసా.

ఏటా నలభై రోజులు పొగబెట్టి నాన్న చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టిన గదిని అతిథులకిస్తానంటే నవ్వావు కదా. నువ్వు చెప్పినట్టు మూడుసార్లు సున్నం కొట్టినా పొగ వాసన పోలేదు. నిన్న మిలాన్ నుంచి భార్యాభర్తలొచ్చారు. కొండ కింద ఈతకొలనున్న అద్దె బంగళా చూసి మరీ వచ్చారట. తలుపు తీసి నేను తల దించుకున్నాను. ఆవిడ గోడకు ముక్కు ఆనించి, "మా తాత కోటు ఇదే వాసన వేసేదండీ. వారం రోజులూ మేమిక్కడే" అంది.

నీ మోకాలు తగ్గిందా? వచ్చేటప్పుడు రెండు మంచి దుప్పట్లు తీసుకురా. సున్నం మాట మళ్ళీ ఎత్తకు. మరదలికీ పాపకూ నా దీవెనలు. ఆగస్టులో నువ్వొచ్చేసరికి ఆ గది అతిథులకే, నీకు దొరకదు; అటక మీద పక్క వేస్తాను.

నీ అక్క ఎర్సీలియా