చీటీ మీద పేరు

మచిలీపట్నం,
6 ఆగస్టు 2024.
ఈరోజు: చర్చి బల్లగుడ్డలు నాలుగు ఉతికాను, మినప్పప్పు రుబ్బాను, మీ అన్నయ్య పుస్తకాల అర దులిపాను. మధ్యాహ్నానికి పనైపోయింది. మనసే కుదుటపడలేదు.

ప్రియమైన మరిది స్టీఫెన్‌కు,

నువ్వు వేసిన మీ అన్నయ్య బొమ్మ ఫోటో అందింది. ముఖం అచ్చంగా దిగింది. కాళ్ల కింద ఉప్పు తేలిన చేను, చేతిలో వరికంకి, దానికి తొడిగిన కాగితం సంచి. చవుడు నేలకు వరి వంగడం కనిపెట్టిన మనిషికి అవన్నీ తగినవే. కానీ సంచికి కట్టిన చీటీ మీద "తల్లి: గాయత్రి" అని రాశావు. ఎవరావిడ? ఎవరికి తల్లి?

బతికున్నప్పుడు ఆయన ముప్పై ఏళ్లు ప్రతి శనివారం దివిసీమ పొలాలకని వెళ్లేవారు. ఆ చొక్కాల జేబులు తడిమి ఉతికింది నేనే. మట్టి తప్ప ఏమీ దొరకలేదు. అదే ఇప్పుడు అనుమానంగా ఉంది.

ఫోన్‌లో అడిగితే నవ్వి మాట మారుస్తావు, అందుకే ఉత్తరం. పదిహేనో తేదీన పరిశోధన కేంద్రంలో ఆ బొమ్మ ఆవిష్కరణకు వచ్చి, పదిమంది ముందు ఆ పేరు చదువుతూ కూర్చోలేను. చెరిపెయ్యి. లేకపోతే నేను రాను.

మీ వదిన,
సరోజిని

గుడివాడ,
8 ఆగస్టు.

వదినా,

నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను. రెండు రకాల వరిని కలిపేటప్పుడు గింజ కట్టే మొక్కను తల్లి అంటారు. అన్నయ్య డైరీలో ఉన్నది ఉన్నట్టు దించాను. ఆ వడ్లకు ఆ పేరెందుకు పెట్టాడో మాత్రం నాకూ తెలియదు. పక్కన "నాగాయలంక, నాంచారయ్య ఇల్లు" అని ఉంది. ఇది నీకు దాచి తర్వాత తిట్లు తినలేను. చెరపమంటే చెరుపుతాను.

స్టీఫెన్

మచిలీపట్నం,
12 ఆగస్టు.

నాయనా స్టీఫెన్,

మొన్న నాగాయలంక వెళ్లాను. గాయత్రి నాంచారయ్యగారి భార్య, డెబ్బై ఏళ్ల మనిషి. నన్ను చూడగానే, "రాజ్ గారి ఆవిడా? ఇప్పటికి దారి తెలిసిందా!" అంది.

ఉప్పెన నీళ్లలో ఊరి చేలన్నీ పోతే, ఆమె చేలో ఒక్క దుబ్బు బతికిందట. ఆ గింజలు దాచి ఏటా పెంచుకుంది. "రెండు కుంచాలు ఆయనకు నాగుకిచ్చానమ్మా, వడ్ల అప్పు. పంట పండాక మూడు తిరిగివ్వాలి. పేపర్లో ఆయన ఫోటో వచ్చింది. వడ్లు రాలేదు," అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను వెతికిన తప్పు ఒకటి, దొరికింది ఇంకొకటి. మర్చిపోయారో, దాటేశారో ఇక ఎవరిని అడగను?

చీటీ చెరపకు. కంకిని ఆమె చేతిలోంచి అందుకుంటున్నట్టు మార్చు. మోచేతి దాకా చాలు. రెండు మట్టిగాజులు, బొటనవేలి మీద కొడవలి గాటు. అలా వేస్తేనే వస్తాను, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటాను.

నిన్న మళ్లీ వెళ్లాను. ఆ వంగడం వడ్లే తీసుకెళ్లి, నాంచారయ్యగారి అరుగు మీద మూడు కుంచాలు నా చేత్తో కొలిచాను. గాయత్రిగారి నాగు తీరింది.

సరోజిని