పత్రికలో పదకొండో పేజీ

హకోదాతె,
2014 ఏప్రిల్ 10, గురువారం

మొతోకో గారికి,

ఇగరాషి యొషిహికొ నమస్కారాలు. మీరూ మీవారూ కులాసా అని తలుస్తాను. ఉత్తరాన్ని మంచు కబురుతోనో పూల కబురుతోనో మొదలుపెట్టడం మర్యాద. ఈసారికి మన్నించండి, నేరుగా విషయానికి వస్తాను.

ఫిబ్రవరి 22న జరిగింది ముందు వరసగా రాస్తాను. వాతావరణ కేంద్రంలో ముప్పై ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి, వేళలు రాసిపెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. ఉదయం ఆరుంబావుకు ఆసుపత్రిలో నర్సు వచ్చి మా ఆవిడ ఫుసాకో ఒళ్ళు తుడిచింది. ఏడింటికి డాక్టరు చూసి, ఈ రోజు గడవడం కష్టమన్నారు. తొమ్మిదింటికి దూదితో పెదాలు తడిపాను. అప్పటికి మూడు రోజులుగా ఆమెకు మాట లేదు. పదిన్నరకు మీరు వచ్చారు, నారింజ పళ్ళు తెచ్చారు. ఆమె తినలేదని మీకూ తెలుసు. నన్ను చూసి, "అలా అయిపోయారేంటండీ, కిందికెళ్ళి ఏమన్నా తిని రండి, నేనున్నానుగా" అన్నారు. వెళ్ళాను. కాంటీనులో ఒక గిన్నె సోబా తిన్నాను. పదకొండు దాటాక పైకి వచ్చాను. మీరు తడి చేతిరుమాలు మడతపెడుతున్నారు. నేనేమీ అడగలేదు. పన్నెండింటికి మీరు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం రెండూ నలభైకి ఆమె పోయింది.

మర్నాడు సాయంత్రం మీ కాన్వెంటు బడి తరగతివాళ్ళు పదకొండుమంది వచ్చారు. అరవయ్యారేళ్ళ ఆడవాళ్ళు, నల్లబట్టల్లో, శవపేటిక చుట్టూ చేరి పదమూడేళ్ళ పిల్లల్లా మాట్లాడుకున్నారు. "ఒసేయ్ నరుమీ, నా లెక్కల పుస్తకం ఇవ్వకుండానే పోతున్నావుటే" అంది ఒతారు నుంచి వచ్చిన పొడుగాటావిడ. "అది నీదెప్పుడే? నా దగ్గర కొట్టేసిందేగా నువ్వు" అంది పక్కావిడ. నలభై రెండేళ్ళు ఇగరాషిగా బతికిన మనిషి ఆ గదిలో మళ్ళీ పుట్టింటి ఇంటిపేరుతో నరుమి అయిపోయింది. పాటలు నేర్పే సిస్టర్ ఆమెతో, "నువ్వు పెదాలు కదుపు చాలు తల్లీ, గొంతు దేవుడికి వద్దు" అన్న సంగతి చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది స్పష్టంగా చెప్పదలిచాను.

ఫిర్యాదు ఇది. సోమవారం మీ పూర్వ విద్యార్థినుల పత్రిక వచ్చింది. కవరు మీద ఇంకా ఆమె పేరే ఉంది. విప్పి చదివాను. పాత వ్యాయామశాలను పడగొడుతున్నారట. మదర్‌కు తొంభై రెండు నిండాయట, పేకాటలో ఇంకా దొంగాట ఆడుతున్నారట. మీతో చదివినావిడ ఒకరు తుంటి ఎముక మార్పించుకున్న ఏడాదికే కొండెక్కి దిగారట. మీ తరగతి కబుర్లన్నీ మీరే రాస్తారు కాబట్టి, చదువుతుంటే మీ గొంతే వినబడింది. ఆ గొంతులోనే పదకొండో పేజీలో ఇలా ఉంది: "సెసీలియా ఇగరాషి ఫుసాకో (పుట్టింటివారు నరుమి) జ్ఞానస్నానం పొంది, ఫిబ్రవరి 22న ప్రభువునందు నిద్రించారు." పేరుకు ముందు చిన్న శిలువ గుర్తు.

భర్తకు తెలియని సంగతి, పత్రిక అందుకునే ఎనిమిది వందలమందికి తెలిసింది.

మీకు ఫోను చేశాను. మీరు దాచలేదు. "ఔనండీ, నేనే ఇచ్చాను. తాగించే గిన్నెలో నీళ్ళున్నాయి, అవే పోశాను. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వచ్చండీ, బళ్ళో నేర్పారుగా" అన్నారు, చారులో ఉప్పు తక్కువైతే వేశానన్నంత మామూలుగా. నేర్పారని నాకూ తెలుసు. సిస్టర్ ఒక సెల్యులాయిడ్ బొమ్మ తెచ్చి, క్రైస్తవులు కాని పిల్లలచేత కూడా దాని నుదుటిమీద నీళ్ళు పోయించి, ఆ మాటలు పలికించేదని ఫుసాకో చెప్పింది. తను చెంబెడూ ఒకేసారి కుమ్మరిస్తే బొమ్మ కళ్ళు మూతపడటం మానేశాయట. "దానికి మోక్షం వచ్చింది గానీ నిద్ర కరువైంది" అనేది. అలా హాస్యమాడే మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా క్రైస్తవం పుచ్చుకుంటానని నాతో అనలేదు. క్రిస్మస్‌కు మీతో చర్చికి వచ్చేది కేకు కోసమేనని ఆమే చెప్పింది.

సెసీలియా అన్న పేరు ఎందుకని అడిగాను. సంగీతానికి పెద్ద దిక్కయిన పునీతురాలట. "దానికి పాట రాదు కదండీ, అక్కడైనా కాస్త నేర్పుతారని" అన్నారు. నవ్వారు, వెంటనే ఏడ్చారు కూడా. నేను ఫోను పెట్టేశాను. అలా పెట్టేయడం తప్పే, అందుకు క్షమాపణ చెబుతున్నాను. మిగతా దేనికీ కాదు.

ఇది నా మనసు నొచ్చుకోవడంతో పోయే విషయమైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మా బౌద్ధాలయం గురువుగారి భార్య కూడా మీ బళ్ళో చదివినావిడే, మీకంటే ఆరేళ్ళు చిన్న. ఆ పత్రిక ఆవిడకూ వచ్చింది. మంగళవారం గురువుగారు ఫోను చేశారు. "ఇగరాషి గారూ, శుక్రవారం మనం సమాధిలో పెట్టేది మా మనిషినా, వాళ్ళ మనిషినా?" అని మెల్లగానే అడిగారు. వేరే మతం పుచ్చుకున్నవారి అస్థికలను అక్కడ పెట్టనివ్వరు. వాళ్ళ తాతగారి నాటి నియమమట. "పోనీండి, అదేదో పొరపాటేనని పత్రికలో రాసినావిడచేత ఒక ముక్క రాయించుకు రండి, నాకు చాలు" అన్నారు.

అస్థికలను సమాధిలో పెట్టే నలభై తొమ్మిదో రోజు రేపే. రాయి మీద ఆమె పేరు చెక్కడం అయింది. పక్కనే నా పేరూ చెక్కారు. బతికున్నవాణ్ణి కాబట్టి దానికి ఎర్ర రంగు వేశారు. నేను పోయాక ఆ ఎరుపు తీసేస్తారు. ఆ రాయి కింద ఆమె లేకపోతే, అక్కడికి నేనెందుకు పోవాలి?

నిన్న మీ చర్చికి వెళ్ళి ఫాదర్‌ను కూడా అడిగాను. చిన్నవాడే గాని మర్యాదస్తుడు. "పెద్దవాళ్ళకైతే వాళ్ళు కోరుకుని ఉండాలండీ. కోరుకోకపోతే అవి ఉట్టి నీళ్ళే" అన్నారు. కాబట్టి తేలవలసింది ఒక్కటే, ఆమె కోరిందా లేదా అన్నది. "నేనడిగాను, ఔనంది" అని మీరంటారు. మీరు అబద్ధమాడారని నేననను. కాని మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు తాము వినాలనుకున్నదే వినబడుతుంది. ఊపిరి కాస్త ఎగిసినా మాటలాగే తోస్తుంది. నాకూ ఆ మూడు రోజుల్లో ఎన్నోసార్లు తోచింది. ప్రతిసారీ మంచం మీదికి వంగి చూశాను. ఏమీ లేదు.

నేను మిమ్మల్ని కోరేది ఇది. "ఆమె ఔనన్నట్టు నాకు స్పష్టంగా వినబడలేదు" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేయండి. వచ్చే సంచికలో సవరణ వేయండి. పోస్టులో వేస్తే రేపటికి అందదు కనుక, ఈ ఉత్తరాన్ని నేనే తెచ్చి మీ తలుపుకున్న ఉత్తరాల పెట్టెలో వేస్తాను. మీ జవాబు రేపు పొద్దున ఎనిమిదిలోగా నాకు అందాలి. యాభై మూడేళ్ళ స్నేహితురాలి కోసం ఒక్క వాక్యం రాయడం మీకు కష్టం కాదనుకుంటాను.

మీరు అడిగిన బడి విహారయాత్ర ఫొటో దొరికింది, దీనితో పెడుతున్నాను. పడవ మీద ఏడుగురున్నారు. ఫుసాకో కెమెరాను వదిలేసి మిమ్మల్ని చూస్తోంది. తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
ఇగరాషి యొషిహికొ

తా.క. కవరు అంటించి, మళ్ళీ విప్పాను.

పైన రాసిన వేళల్లో ఒకటి తప్పు. నేను సోబా తినలేదు. మెట్లదాకా వెళ్ళి, తినబుద్ధి కాక వెనక్కి వచ్చాను. పదీ యాభై అయి ఉంటుంది. మంచం చుట్టూ తెర లాగి ఉంది. ఇవతలే నిలబడ్డాను. "నరుమీ, పొయ్యమంటావుటే? వద్దంటే వద్దను, నేనేం అలగనులే" అని మీరు అడగడం విన్నాను.

"పొయ్యవే. చన్నీళ్ళు కావుగా?" అంది.

ఊపిరి ఎగియడం కాదు. ఆమె గొంతే, నలభై రెండేళ్ళు నేను విన్న గొంతే. నేను వరండాలోకి వెళ్ళి, పదకొండు దాటేదాకా అక్కడే ఉన్నాను.

ఆ మూడు రోజులూ నేను పిలుస్తూనే ఉన్నాను. నాకు పలకలేదు. మీకు పలికింది. ఇన్ని పేజీలు రాసింది ఆ కోపంతోనే. మీరు ఏమీ రాసివ్వద్దు. సవరణా వద్దు.

రేపు పొద్దున ఎనిమిదింటికి గుడికి వెళ్ళి, ఆమె ఔనందనీ, నేను నా చెవులతో విన్నాననీ గురువుగారికి చెబుతాను. ఆయన కాదంటే, అస్థికల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ట్రాములో మీ చర్చికి వస్తాను.