అసలు కొలతలు

హైదరాబాదు,
12-1-1974

రామబ్రహ్మానికి,

చిరంజీవి అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. చూపిస్తే నువ్వడిగిన కంపెనీ కొలతల కారు పుస్తకం ఈ పూటే పోస్టులో పంపించేస్తారు. అది తెలిసే ఆయన పేరున రాశావు.

ఆయన ముచ్చటపడి కొనుక్కున్న ఆ పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారుని నువ్వు బాగుచేయించి అమ్మిపెడతావా! కొనే బొంబాయి ఆసామికి నట్టు దగ్గర్నుంచి సీటు తోలు దాకా అన్నీ కంపెనీ కొలత ప్రకారమే ఉండాలా! ఈ పట్టింపు మొన్న దసరాకి ఏమైంది? ఆయుధ పూజనాడు బండి విప్పి ఉండకూడదని, చిట్లిన బ్రేకు పైపు బదులు లారీది కోసి బిగించమన్నది నువ్వు కాదూ?

"గిది దీనికి సరిపడది సారూ, అసలుది వచ్చేదాంక జర ఆగుండ్రి" అని మెకానిక్ ఎల్లేశం నా ఎదుటే బతిమాలాడు.

"దండ వేసి నిమ్మకాయలు తొక్కిస్తే అన్నీ సరిపడతాయి" అన్నావు. తొక్కించి, తాళాలు మీ అన్నయ్య చేతిలో పెట్టావు. రాయదుర్గం వాలులో బ్రేకు పడలేదు. కారు బండని గుద్దింది. ఆయన కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నిన్న ఆసుపత్రిలో చెక్క కాలు పెట్టారు. పోయిన కాలి కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు కదా, ఉన్న కాలు చూసి చెక్కారు.

పుస్తకం పంపను. నువ్వూ ఉన్నవి చూసి చెక్కించుకో.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య