అమ్మ ఒడిలో మజ్జిగ చెంబు

చింతామణి,
ఆదివారం

అన్నా,

కుంగిపోయి పడున్న మన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు లేచి నిలబడింది! నువ్వు పంపిన స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు పెరట్లో నేనే బిగించాను. పరీక్ష పెట్టింది మాత్రం అమ్మ. నిండు మజ్జిగ చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "ఒక్క చుక్క ఒలికినా ఈ డబ్బాను పాత ఇనుముకు ఏసేస్తా" అంది.

మురుగమల్ల దారిలో గుంతలు నీకు తెలుసు కదా. ప్రతి గుంతకూ నేను చెంబు వంకే చూశాను. కారు మాత్రం ఊయలలా ఊగింది. ఒక్క చుక్కా ఒలకలేదన్నా! మురుగమల్ల దర్గా దగ్గర అమ్మ మజ్జిగంతా గటగటా తాగేసి, "కెంచార్లహళ్ళి దాకా పోదాం పా. ఇంగా జోరుగా తోలు" అంది.

నిన్ను తీసుకురావడానికి చిక్కబళ్ళాపుర స్టేషనుకు కారులో వస్తానన్నాను కదా, తప్పకుండా వస్తాం. ఇంటికి మాత్రం నువ్వు బస్సెక్కి రా. రెండో సీటు అమ్మ వదలనంటోంది.

నీ చెల్లెలు