తుంటిలో వెంట్రుకంత పగులు

శంషాబాద్

అమ్మా, దండాలు. కాలు తప్ప అంతా బాగానే ఉన్నాను. ఫోన్‌లో నా గొంతు వింటే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

బతుకమ్మ పండుగప్పటి నుంచి ఎడమ తొడ మొదట్లో నొప్పి. కండరం పట్టిందనుకుని, వదులవుతుందని మోకాళ్లు విప్పి ఇంకాసేపు అరమండిలో కూర్చునేదాన్ని. నాట్యం చేసేవాళ్ల బుద్ధే అంత. మొన్న ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో పెళ్లివారికి స్వాగత నృత్యం, పాలరాతి నేల మీద. చివరిదాకా నవ్వుతూ ఆడి, పక్కకు రాగానే కాలు మోపలేక కూలబడ్డాను. తుంటి ఎముకలో వెంట్రుకంత పగులు ఉందట.

"తొక్కీ తొక్కీ అయింది. తిండి లేక ఎముక గుల్లయింది. ఏం తింటున్నవ్ బిడ్డా?" అని డాక్టరమ్మ అడిగింది. సన్నగా ఉంటేనే ప్రోగ్రాములకు పిలుస్తారని రాత్రిపూట అన్నం మానేశాను. నీకు చెప్పలేదు.

ఆపరేషన్ అక్కర్లేదట. చంక కర్రలతో నడుస్తున్నాను. నువ్వు పని వదిలి రావద్దు. కింది ఇంటి సలేహా ఆంటీ పళ్లెం తెచ్చి ఎదురుగా కూర్చుంటోంది. "పూరా తిను, అప్పుడే లేస్త" అంటుంది. ఆమె పోరు పడలేక తింటున్నాను.

నువ్వుల ముద్దలు పంపు. బర్రె ఈనిందా? బాపు మందులు వేసుకుంటున్నాడా? చెల్లి కూడా నాలాగా సన్నబడతానని రొట్టె వదిలేస్తే ఊరుకోకు. ఇద్దరినీ అడిగానని చెప్పు.

ఆడేముందు రోజూ నేలను తాకి, నేలతల్లీ, నిన్ను తొక్కుతున్నాను, క్షమించమని మొక్కేదాన్ని. నన్ను మోసే ఎముకకు మాత్రం ముద్ద పెట్టలేదమ్మా.

నీ మాధవీలత